మైఫోర్డ్ లేత్‌కు 38 పళ్ళ చేంజ్ గేరు ఇంట్లో కోసుకోవచ్చా?

ప్రశ్న

నమస్కారం. మా నాన్నగారు వాడిన మైఫోర్డ్ ఎంఎల్7 లేత్ ఇప్పుడు నా చేతికి వచ్చింది. పావు అంగుళం పైపు ఫిట్టింగులకు అంగుళానికి 19 థ్రెడ్లు కోయడానికి అవసరమైన 38 పళ్ళ చేంజ్ గేరులో (కోసే థ్రెడ్‌ను బట్టి మార్చి బిగించే గేరు) పక్కపక్కనే మూడు పళ్ళు విరిగిపోయాయి. మా ఊళ్ళో ఒక వర్క్‌షాపులో నమూనా ఇస్తే 1.25 మాడ్యూల్ (మి.మీ.లలో పన్ను సైజు కొలత) కట్టర్‌తో కొత్తది కోసి ఇచ్చారు. పళ్ళ లెక్క సరిగానే ఉంది కానీ, పాత గేర్లతో కలిపి తిప్పితే గరగరమంటూ పట్టేస్తోంది. పాత గేరు బయటి వ్యాసం 50.8 మి.మీ., కొత్తది 50 మి.మీ. నా దగ్గర చిన్న మిల్లింగ్ మిషన్, 40:1 డివైడింగ్ హెడ్ (హ్యాండిల్ 40 చుట్లు తిప్పితే ముక్క ఒక చుట్టు తిరిగే సాధనం) ఉన్నాయి. నేనే కోసుకోగలనా?

మొదటి జవాబు

తప్పకుండా కోసుకోగలరండీ. మీరు కొలిచిన 50.8 లోనే కారణం దొరుకుతుంది. ఎంఎల్7 చేంజ్ గేర్లు 20 డీపీవి (డయామెట్రల్ పిచ్, అంటే పిచ్ వ్యాసంలో ఒక్కో అంగుళానికి ఎన్ని పళ్ళో చెప్పే కొలత), ప్రెషర్ యాంగిల్ (పన్ను వాలు) 14.5 డిగ్రీలు. పళ్ళ సంఖ్యకు రెండు కలిపి డీపీతో భాగిస్తే బయటి వ్యాసం వస్తుంది కనుక 40ని 20తో భాగిస్తే సరిగ్గా 2 అంగుళాలు, అంటే 50.8 మి.మీ. 20 డీపీ అంటే 1.27 మాడ్యూల్, 1.25 దానికి దగ్గరగా కనిపించినా దానితో కలవదు. పైగా బజారులో దొరికే మాడ్యూల్ కట్టర్లు ఎక్కువగా 20 డిగ్రీలవి. పన్నుకూ పన్నుకూ మధ్య దూరం, పన్ను వాలు రెండూ తేడా వచ్చాక ఆ గేరును ఎంత సర్దినా ప్రయోజనం ఉండదు.

డీపీ సెట్‌లో 35 నుంచి 54 పళ్ళ వరకు 3వ నంబరు కట్టర్ వాడాలి. మాడ్యూల్ సెట్లలో నంబర్లు సాధారణంగా తలకిందులుగా ఉంటాయి కాబట్టి, నంబరును కాక కట్టర్ మీద చెక్కిన పళ్ళ పరిధిని చూసి కొనండి. కోత లోతు 2.74 మి.మీ.

రెండవ జవాబు

కట్టర్ దొరకకపోతే హైస్పీడ్ స్టీల్ బిట్‌ను మీ పాత గేరులో అరగని రెండు పళ్ళ మధ్య ఖాళీకి అచ్చంగా సరిపోయేలా సానపట్టి, ఫ్లై కట్టర్‌గా (ఒకే అంచుతో తిరుగుతూ కోసే కట్టర్‌గా) బిగించండి. వెలుతురుకు ఎదురుగా పెట్టి చూసినప్పుడు సందు కనిపించకూడదు. నేను నా లేత్‌కు రెండు గేర్లు ఇలాగే కోసుకున్నాను. ఓపిక పట్టాల్సింది సానపట్టడంలోనే.

38కి ఇండెక్సింగ్ (చుట్టును సమాన భాగాలుగా పంచడం) సులువు. డివైడింగ్ హెడ్ పళ్ళెంలో 19 రంధ్రాల వలయం మీద ఒక్కో పన్నుకు ఒక పూర్తి చుట్టు, ఆపైన ఒక రంధ్రం. హ్యాండిల్‌ను ఎప్పుడూ ఒకే వైపు తిప్పండి. పొరపాటున రంధ్రం దాటిపోతే బాగా వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు రండి. మొదట చుట్టూ సన్నని గీతలు మాత్రమే పెట్టి, 38 వచ్చాయో లేదో లెక్కపెట్టుకున్నాకే లోతుకు దిగండి. బోరు (మధ్య రంధ్రం) పూర్తిచేసి, బ్లాంక్‌ను (ఇంకా పళ్ళు కోయని ముక్కను) మాండ్రిల్ (ఆ రంధ్రంలో దూర్చి పట్టే కడ్డీ) మీద బిగించి, బయటి వ్యాసాన్ని అదే మాండ్రిల్ మీద తిప్పితే పళ్ళు బోరుకు కేంద్రంగా వస్తాయి.

మూడవ జవాబు

లోహం గురించి ఒక మాట. ఈఎన్8 (ఒక రకం ఉక్కు) గట్టిదని చాలామంది అదే ఎంచుకుంటారు గానీ, నా అభిప్రాయంలో ఇక్కడ పోత ఇనుమే మేలు. ఎక్కడైనా పట్టేస్తే విరగవలసింది ఈ గేరే తప్ప లీడ్ స్క్రూ (థ్రెడ్ కోసేటప్పుడు టూల్‌ను నడిపే పొడవాటి మర) కాదు. శబ్దం తగ్గాలంటే హైలం (రెజిన్‌తో గట్టిపరిచిన షీటు) కూడా బాగా పనిచేస్తుంది, అయితే కోసేటప్పుడు వచ్చే దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్క్ పెట్టుకోండి.

బిగించేటప్పుడు రెండు గేర్ల పళ్ళ మధ్య పల్చని కాగితం ముక్క పెట్టి క్వాడ్రంట్ (గేర్లను పట్టి ఉంచే బ్రాకెట్) బిగించి, తరువాత చేత్తో తిప్పి కాగితం తీసేయండి. చాలినంత సందు మిగులుతుంది.