నడిబొడ్డు పార్కింగ్ స్థలంలో కట్టేటప్పుడు ఎన్ని అంతస్తులకు అనుమతి ఉండాలి?

పాదచారి: నగరం నడిబొడ్డున, రెండు వీధుల మధ్య ఎకరం విస్తీర్ణంలో ఉన్న ఒక పార్కింగ్ స్థలంలో ఇళ్లు కట్టే ప్రతిపాదన మా వార్డు సమావేశానికి వచ్చింది. ఆరంతస్తులు దాటకూడదని కొందరు, ఇరవై నాలుగుకు అనుమతి ఇవ్వకపోతే ఏ బిల్డరూ ముందుకు రాడని మరికొందరు పట్టుబడుతున్నారు. ఇలాంటి మార్పును దగ్గర నుంచి చూసినవారు ఎత్తు, సాంద్రత, వీధి వైపు ఉండే కింది అంతస్తు, ఇప్పుడున్న చెట్లు, ఈ నాలుగింటి గురించీ తమ అనుభవం చెప్పాలని కోరుతున్నాను.

కొట్టు యజమాని: అంతస్తుల సంగతి తరువాత చూద్దాం. నా కొట్టు ఎదుట అలాంటి స్థలంలోనే భవనం లేచినప్పుడు ఫుట్‌పాత్‌ను రేకులతో మూసేశారు, రెండేళ్లు దాటినా తెరవలేదు. పాత ఖాతాదారులు అవతలి వీధికి అలవాటు పడిపోయారు, వారిలో సగం మంది తిరిగి రాలేదు. ఎత్తు పెరిగిన కొద్దీ పని సాగే నెలలు కూడా పెరుగుతాయన్న మాట ఆ సమావేశంలో ఒక్కరైనా అన్నారా?

మూడో అంతస్తు కిటికీ: నేను కట్టిన తరువాతి కథ చెబుతాను. మా ఎదుటి భవనంలో కింది నాలుగు అంతస్తులూ కార్లకే కేటాయించారు. రాత్రి పదకొండు గంటలకు ఎవరైనా ర్యాంపు ఎక్కితే హెడ్‌లైట్ల వెలుగు మా పడకగది గోడ మీద ఒక మూల నుంచి మరో మూలకు పాకుతుంది, మా పాప లేచి కూర్చుంటుంది. పైన ఇరవై అంతస్తులున్నాయా, రెండున్నాయా అన్నది మా జీవితంలో ఏ తేడా తీసుకురాలేదు. మమ్మల్ని బాధిస్తున్నది మా కళ్లెదుట ఉన్న ఆ నాలుగే.

పునాదిరాయి: ఇరవై రెండేళ్లుగా ఎత్తైన భవనాల స్ట్రక్చరల్ డిజైన్ చేస్తున్న నాకు ఇక్కడ భావోద్వేగాలే తప్ప లెక్కలు కనబడడం లేదు. నడిబొడ్డున ఎక్కువ మంది నివసించాలంటే ఎత్తుకు వెళ్లక తప్పదు, ఎత్తును తగ్గించడమంటే సాంద్రతను తగ్గించడమే.

నక్షా: పునాదిరాయి గారూ, లెక్కలు కావాలన్నారు కనుక చెబుతున్నాను. ఎకరమంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. అందులో 60 శాతం మీద ఆరంతస్తులు కడితే ఎఫ్ఎస్ఐ, అంటే అన్ని అంతస్తుల మొత్తం విస్తీర్ణం స్థలానికి ఎన్ని రెట్లన్న లెక్క, 3.6 వస్తుంది, 15 శాతం మీద ఇరవై నాలుగు అంతస్తులు లేపినా అదే 3.6. అంటే రెండింటిలోనూ దాదాపు ఒకే సంఖ్యలో ఇళ్లు ఉంటాయి. స్థలం అంచుల వెంట భవనాన్ని పరిచి మధ్యలో ముంగిలి వదిలితే ఎంత సాధించవచ్చో ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో లెస్లీ మార్టిన్, లయొనెల్ మార్చ్ అనే భవన నిర్మాణ పరిశోధకులు కొన్ని దశాబ్దాల క్రితమే గణితంతో చూపించారు. ఎత్తు, సాంద్రత రెండూ ఒకటే అనడం మన వృత్తిలో ఉన్నవారు చేయకూడని పొరపాటు.

పునాదిరాయి: కాగితం మీది ముంగిలిని నాకు చూపించకండి. పక్క సరిహద్దుల సెట్‌బ్యాక్‌లు, అంటే కట్టకుండా వదలాల్సిన ఖాళీలు, ఫైరింజను తిరిగే దారి తీసేసిన తరువాత మీ 60 శాతంలో ఎంత మిగులుతుందో గీసి చూపండి. నేను కట్టించాను, మీరు గీశారు, తేడా అక్కడే ఉంది.

నక్షా: ఆ మాట అవమానకరంగా ఉంది. కట్టించినవారికి తెలిసే ఇంకో లెక్క కూడా ఉంది కదా! మీ టవరులో ఒక్కో అంతస్తు 607 చదరపు మీటర్లు, అందులో లిఫ్టులు, రెండు మెట్లదారులు, పైపుల గదులు కలిసి ఐదో వంతు దాకా తినేస్తాయి. ఆ నష్టాన్ని మీరు చెప్పకుండా దాటవేశారు.

తూర్పు ఎండ: ఇద్దరూ నీడ సంగతి మరిచిపోయారు. 40 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో డిసెంబరు 21 మధ్యాహ్నం నీడ భవనం ఎత్తుకు రెండింతలు పడుతుంది, 17 డిగ్రీల దగ్గర, అంటే హైదరాబాదు వంటి చోట, ఎత్తు కంటే తక్కువే. సన్నని టవరు నీడ పొడవుగా ఉన్నా త్వరగా జరిగిపోతుంది, వెడల్పాటి ఆరంతస్తుల భవనం నీడ దగ్గరి వీధిని గంటల తరబడి వదలదు. న్యూయార్క్‌లో 1915లో పూర్తయిన 38 అంతస్తుల ఈక్విటబుల్ భవనం సుమారు ఎకరం స్థలంలోనే 12 లక్షల చదరపు అడుగులతో, వీధి అంచు నుంచి నిటారుగా లేచింది. ఆ నగరం 1916లో పైఅంతస్తులు వెనక్కి జరగాలని నిబంధన తెచ్చిందంటే, అలాంటి భవనాల మీద రేగిన ఆందోళనే ఒక ముఖ్య కారణం. కనుక ఎన్ని అంతస్తులని కాకుండా, ఏ అంతస్తు నుంచి వెనక్కి జరగాలని అడగండి.

పునాదిరాయి: నీడ విషయంలో మీరు చెప్పింది సరైనదే. నక్షా గారి లెక్క ఎఫ్ఎస్ఐ 3.6 వరకే పనికొస్తుంది, ఆ పైన కావాలంటే ఎత్తుకే రావాలి, ఆ మాట మీద మాత్రం నేను తగ్గను.

స్థలం వారసుడు: నేను అవతలి పక్షం వాడిని. మా కుటుంబానికి అలాంటి పార్కింగ్ స్థలమే ఉండేది. రుసుము వసూలుకు ఒక మనిషి, ఒక గుడిసె, నామమాత్రపు పన్ను, అంతకు మించి ఖర్చు లేదు. ఎత్తు పరిమితి పెంచుతారన్న మాట వినబడిన ప్రతిసారీ మా నాన్నగారు అడిగే ధర పెంచేవారు. ఆరంతస్తులు కడతామని వచ్చినవారు ఆ ధర చూసి వెనుదిరిగారు, ముప్పై కడతామన్నవారికి అప్పు పుట్టలేదు, పదకొండేళ్లు ఆ స్థలం అలాగే ఉండిపోయింది. అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగరం 1913లో మొదలుపెట్టి 2001 దాకా భవనం కంటే నేల మీద ఎక్కువ రేటుతో పన్ను వేసింది. మా మీద అలాంటి పన్నే ఉంటే మేము అంతకాలం ఊరుకునేవాళ్లం కాము.

కొట్టు యజమాని: అయ్యా, ఆ పదకొండేళ్లూ నాలాంటివారి ఎదుట ఖాళీ నేల పెట్టి ధర కోసం కూర్చున్నది మీరేనన్నమాట. చదువుతుంటే కడుపు మండిపోతోంది.

స్థలం వారసుడు: మీ కోపం న్యాయమైనదే. అందుకే దాచకుండా రాశాను.

నక్షా: పాదచారి గారూ, మూడో అంతస్తు కిటికీ గారు చెప్పిన విషయానికి ఎవరూ జవాబివ్వలేదు కానీ, అసలు ముడి అక్కడే ఉంది. తిరిగే దారి, ర్యాంపు కలుపుకుంటే ఒక కారుకు సుమారు 30 చదరపు మీటర్లు పడుతుంది. మీ ఎకరంలో 150 ఇళ్లు కట్టి ఇంటికొక కారు తప్పనిసరి చేస్తే 4,500 చదరపు మీటర్లు కావాలి, అంటే మొత్తం స్థలం కంటే ఎక్కువ. అది సెల్లారుకు వెళితే తవ్వకం, నీటి ఊట, ఖర్చు. పైకి వెళితే ఆ పాప గోడ మీది వెలుగు. అమెరికా నగరాలైన బఫెలో 2017లో, మినియాపొలిస్ 2021లో ఈ తప్పనిసరి పార్కింగ్ నిబంధనను తొలగించాయి. మీ ప్రతిపాదనలో ఇంటికి ఎన్ని కార్లన్న గడి ఉంటుంది, ముందు దాన్ని చూడండి.

పాదచారి: ఇప్పుడే చూశాను. ఇంటికి ఒకటిన్నర కారు అని ఉంది, అంతస్తుల మీద మూడు గంటలు వాదించుకున్న మాలో ఒక్కరూ ఆ గడి గురించి అడగలేదు. గురువారం సమావేశంలో ఆ సంఖ్యనూ, డిసెంబరు 21 నీడ పటాన్నీ అడుగుతాను. ఫుట్‌పాత్ ఎన్ని నెలలు మూసి ఉంచుతారో రాతపూర్వకంగా ఇవ్వమనీ కోరతాను. చెట్ల గురించి ఇంకా ఎవరూ చెప్పలేదు, అక్కడ తొమ్మిది ఉన్నాయి.