మెరుపు ఫొటోలో పడడం లేదు, ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

ఈదురుగాలి: నిన్న సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది వరకు మేడమీద నిలబడి సుమారు రెండు వందల ఫొటోలు తీశాను, ఒక్కదానిలోనూ మెరుపు లేదు. మెరుపు రెప్పపాటులో మాయమవుతుంది కాబట్టి షట్టరును సెకనులో 2000వ వంతుకు పెట్టి, అది కనిపించగానే మీట నొక్కాను. కెమెరా కొత్తది, ట్రైపాడ్ కూడా ఉంది. విశాఖలో ఈ మబ్బులు ఎన్నాళ్లుంటాయో తెలియదు కనుక దయచేసి తొందరగా చెప్పండి.

పాతరీలు: షట్టర్ స్పీడు తగ్గించండి.

ఈదురుగాలి: తగ్గించడమంటే 4000కా, 1000కా?

చీకటిగది: ఈ మాట దగ్గర తడబడనివారు లేరు, అందుకే నేను స్పీడు అనడం మానేసి, షట్టరు తెరిచి ఉంచే వ్యవధి అంటాను. మీరు మెరుపును చూసి, వేలు కదిపి, కెమెరా స్పందించేలోగా ఆ మెరుపు ఆరిపోతోంది. దాని వెంట పడకుండా షట్టరు తెరిచి కాచుకోవాలి. బాగా చీకటి పడ్డాక ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 100, అపెర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంకె పెరిగితే అది చిన్నదవుతుంది) ఎఫ్8, వ్యవధి 20 సెకన్లు పెట్టి ఒకదాని వెంట ఒకటి తీస్తూ పొండి. వ్యవధి పెంచితే ఊరి దీపాలు ప్రకాశిస్తాయి గాని మెరుపు వెలుగు పెరగదు, ఎందుకంటే అది ఎంతసేపు వెలగాలో మీ చేతిలో లేదు. మెరుపు మరీ తెల్లగా అలుక్కుపోతే అపెర్చరును ఎఫ్11కు మూయండి.

గడపలోపల: ఫొటో సంగతి అలా ఉంచండి. ఉరుముల్లో నాలుగు గంటలు మేడమీద నిలబడ్డానని ఆయన చెబితే ఎవరూ పట్టించుకోరేమి? ఉరుము శబ్దం కిలోమీటరు దూరం రావడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. మెరుపుకూ ఉరుముకూ మధ్య 30 సెకన్లకన్నా తక్కువ ఉంటే పిడుగు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు. అప్పటికే ఇంట్లో ఉండాలి, చివరి ఉరుము వినిపించాక మరో 30 నిమిషాలు బయటికి రాకూడదు. పుణెలోని ఐఐటీఎం (భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ) వారి, పిడుగుల గురించి హెచ్చరించే దామిని యాప్ పెట్టుకోండి. పిడుగును మెరుపని ముద్దుగా పిలిచినంత మాత్రాన అది ఊరుకోదు.

చీకటిగది: రెండూ ఒకటి కావండీ. నేలను తాకినదే పిడుగు. మబ్బులోనే మెరిసి ఆరిపోయేది పిడుగు కాదు. మెరుపుల్లో ఎక్కువ భాగం మబ్బుల్లోపలివే.

గడపలోపల: మేడమీద నిలబడినవాడికి ఏది ఏదో ముందుగా ఎలా తెలుస్తుంది?

ఈదురుగాలి: ఈ రోజు గదిలోంచే తీశాను. 20 సెకన్లు పెడితే రెండు మెరుపులు పడ్డాయి గాని మసకగా ఉన్నాయి, ఆకాశంలో ట్యూబులైటు వంటిదొకటి కనిపిస్తోంది. పైగా ప్రతి ఫొటో తర్వాత కెమెరా మరో 20 సెకన్లు మొరాయిస్తోంది. మంచి మెరుపులన్నీ సరిగ్గా అప్పుడే వస్తున్నాయి. కార్డు చెడిపోయిందా?

పాతరీలు: కార్డు కాదు. మెనూలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపండి. అద్దం వెనుక నుంచి తీస్తున్నారా?

ఈదురుగాలి: జల్లు కొడుతుంటే కిటికీ మూయకుండా ఎలా తీస్తారు? అది వేరే చెప్పాలా?

చీకటిగది: చెప్పాల్సింది అదే. గదిలో దీపం ఆర్పి, లెన్సును అద్దానికి ఆనించి పెట్టండి. ఆ నాయిస్ రిడక్షన్ ఉంటే కెమెరా షట్టరు మూసి అంతే వ్యవధితో మరో ఫొటో తీసుకుని, అందులోని చుక్కలను మొదటిదాంట్లోంచి తీసివేస్తుంది. మీ సగం రాత్రి దానికే పోయింది. ఇక మసక ఫోకస్‌ది కూడా కావచ్చు. చీకటిలో ఆటోఫోకస్ పట్టు దొరక్క వెతుక్కుంటుంది కాబట్టి, దూరంగా లంగరు వేసిన ఓడ దీపాన్ని తెరమీద పెద్దది చేసి చూస్తూ చేత్తో కుదర్చండి. లెన్సును అనంతం గుర్తు వైపు చివరిదాకా తిప్పితే చాలదు, చాలా లెన్సులు ఆ గుర్తును దాటి తిరుగుతాయి.

కొత్తమొలక: నా దగ్గర ఫోను మాత్రమే ఉంది. సాయంత్రం వెలుతురులో 20 సెకన్లు పెడితే ఫొటో మొత్తం తెల్లగా వస్తోంది, ఏం చేయాలి?

చీకటిగది: వెలుతురు ఉన్నప్పుడు అంత వ్యవధి పనికిరాదు. కెమెరాకైతే లెన్సులోకి వచ్చే వెలుతురును తగ్గించే ఎన్‌డీ ఫిల్టరు తగిలించవచ్చు, లేదా మెరుపు వెలుగును పసిగట్టి షట్టరు నొక్కే ట్రిగ్గరు వాడవచ్చు.

ఈదురుగాలి: నాయిస్ రిడక్షన్ ఆపి, దీపం ఆర్పాక మూడు దక్కాయి. ధన్యవాదాలు.

గడపలోపల: కిటికీ మూసే ఉంచారు కదా?

కొత్తమొలక: ఫోనుకు ఆ ఫిల్టరు పడుతుందా?