వీరాపురం కొంగలకు ఏ లెన్స్ సరిపోతుంది?

అన్నలూ, అక్కలూ, మాది అనంతపురం. పోయిన శ్రావణంలో మా నాయన కాలం చేశారు. ఏటిసూతకం కదా, గుడి గడప తొక్కొద్దన్నారు పెద్దలు. రోజూ గుడికి పోయే అలవాటున్న నాకు దిక్కు తోచలేదు. నాయన పాత కెనాన్ కెమెరా పట్టుకొని తెల్లారుజామున చెరువు కట్టకు పోవడం మొదలుపెట్టినా. నీళ్లలో కదలకుండా నిలబడ్డ కొంగ మీద ఫోకస్ కుదిరేదాకా ఊపిరి బిగబట్టుకుంటే, గుండెలో బరువు కాసేపు దిగుతోంది. దేవుడున్నాడని గట్టిగా అనిపించేది కూడా అప్పుడే. (పూజారి వింటే ఏమంటారో!)

ఇప్పుడు చిలమత్తూరు మండలం వీరాపురం పోవాలనుంది. అక్కడ చింతచెట్ల మీద గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలను ఊరికి శుభమని జనం కాపాడుకుంటారు. సైబీరియా కొంగలని పిలుస్తారు గానీ, అవి మన దేశపు పక్షులే.

నా దగ్గర ఉండేది దగ్గరి ఫోటోలకు పనికొచ్చే 18-55 మి.మీ. లెన్స్. సెకండ్ హ్యాండ్‌లో, దూరంగా ఉండేదాన్ని దగ్గరగా చూపించే 70-300 లెన్స్ కొంటే చాలునా? ఎండలో తెల్ల రెక్కలు సున్నం కొట్టినట్టు పడుతున్నాయి, ఒక్క ఈక గీత కూడా కనపడదు. ఎక్స్‌పోజర్ (కెమెరాలో పడే వెలుతురు) ఎంత తగ్గించాల? గూట్లో పిల్లలున్నప్పుడు ఎంత దూరంలో నిలబడాల?

ఇంకో మాట. ఇట్లా దుఃఖంలో కెమెరా పట్టినోళ్లు మీలో ఎవరన్నా ఉన్నారా? సంవత్సరీకం అయి మళ్లీ గుడికి పోవడం మొదలైనాక కూడా ఈ నెమ్మది నిలబడిందా?