సాయంత్రమే పుట్టినరోజు, కేకు నడిమధ్య కుంగిపోయింది: ఏం చేయాలి?

ప్రశ్న (అనంతపురం నుంచి)

ఈ రోజు సాయంత్రం ఆరింటికి మా అబ్బాయి ఐదో పుట్టినరోజు వేడుక. శనివారం మా అత్తగారు గుడ్డు ముట్టరు. అందుకని పెరుగు, వంటసోడా వేసి గుడ్డు లేని చాక్లెట్ కేకు మొదలుపెట్టాను. పావుకిలో మైదాకు టీ చెంచా నిండా సోడా, మరో చెంచా బేకింగ్ పౌడర్ వేశాను. ఓవెన్‌లో మొదట బాగానే పొంగింది. ఇంతలో కరెంటు పోయింది. పావుగంటకు వచ్చేసరికి నడిమధ్య గుంట పడింది. ఇంకాసేపు ఉంచి తీశాను. అంచులు చక్కగా కాలాయి, మధ్యలో పుల్ల గుచ్చితే మాత్రం జిగురు పిండి అంటుకుంటోంది. ఇప్పుడు పదకొండు దాటింది. పదిహేను మంది దాకా పిల్లలు వస్తారు. దీన్నే బాగుచేయవచ్చా, మళ్లీ చేయాలా? బేకరీ కేకు తెస్తామంటే వాడు ఒప్పుకోవడం లేదు. పిండి కలిపేటప్పుడు పక్కనే కూర్చుని గరిటె నాకాడు మరి!

జవాబు (కర్నూలు నుంచి)

కేకు ఇంకా వేడిగా ఉంటే గిన్నెలోంచి తీయకండమ్మా. పైన అల్యూమినియం రేకు కప్పి, 160 డిగ్రీల దగ్గర మరో పావుగంట, ఇరవై నిమిషాలు పెట్టి చూడండి. రేకు కప్పకపోతే అంచులు మాడతాయి, మధ్య అలాగే ఉండిపోతుంది. ఇక అది పొంగదు, ఆ ఆశ వదులుకోండి. కాలితే చాలు. పుల్లకు తడి పిండి కాకుండా పొడి రవ్వలు అంటితే దించేయండి.

కొత్తది మొదలుపెట్టవద్దనే నా సలహా. ఇవాళ కరెంటును నమ్మలేం. పైగా కేకు పూర్తిగా చల్లారడానికే రెండు గంటలు కావాలి. ఈ ఎండల్లో ఇంకా ఎక్కువే పట్టవచ్చు. వేడి మీద ఏ పూత పూసినా జారి పళ్లెంలోకి వచ్చేస్తుంది.

జవాబు (కడప నుంచి)

గుడ్డే లేదు కదా, కాస్త పచ్చిగా ఉంటే ఏమవుతుంది? పైన క్రీము పూసేస్తే ఎవరికీ తెలియదు.

జవాబు (కర్నూలు నుంచి)

తెలియకపోవచ్చు గానీ, పిల్లల కడుపులు ఊరుకోవు. గుడ్డు లేకపోయినా పచ్చి మైదా తినకూడదు. పొలం నుంచి మర దాకా ఆ గోధుమకు ఏ క్రిములు అంటుకున్నా, వాటిని చంపేది పొయ్యి వేడే. గరిటె నాకడం కూడా మాన్పించండి.

అనంతపురం

రేకు కప్పి పెట్టాను. అప్పటికే చల్లారిపోయింది. ఇప్పుడు అంచులు గట్టిపడ్డాయి, మధ్యలో అరచేతి వెడల్పున ఇంకా పచ్చిగానే ఉంది.

జవాబు (గుంతకల్లు నుంచి)

అయితే ఆ మధ్య భాగం మీద ఆశ వదులుకోండి అక్కా. కేకు చల్లారాక, పచ్చిగా ఉన్నంత మేరకన్నా కాస్త వెడల్పైన స్టీలు గిన్నె ఏదైనా దాని మీద బోర్లించి, గట్టిగా నొక్కి తిప్పండి. చాకుతో కోస్తే అంచు పొడిపొడిగా రాలుతుంది, గిన్నెతో అయితే నున్నగా ఊడి వస్తుంది. ఆ ముక్కను పారేయండి. మిగిలింది చక్రం. మాది గుంతకల్లు కాబట్టి గుండ్రంగా ఏది కనబడినా నాకు రైలు పట్టాలే గుర్తొస్తాయి! క్రీము బిస్కెట్లను పొడవుగా విరిచి చక్రం మీద వరసగా అడ్డంగా పేర్చండి. వాటి మీద వేఫర్ బిస్కెట్లు పెట్టెలు, రంగు చాక్లెట్ బిళ్లలు చక్రాలు. ముందు పెట్టెకు కొవ్వొత్తి గుచ్చితే ఇంజిను. మధ్య ఖాళీలో దానిమ్మ గింజల గిన్నె పెట్టండి. గింజలను కేకు మీద చల్లితే నీరు ఊరి పూత పాడవుతుంది.

గట్టిపడిన అంచులకు చక్కెర నీళ్లు పట్టించాలి. అరకప్పు నీళ్లలో పావుకప్పు చక్కెర కరిగించి, చల్లారాక అందులో చీనీకాయ (బత్తాయి) రసం కొంచెం పిండండి. పుల్లతో కేకు అంతటా గుచ్చి, చెంచాతో కొద్దికొద్దిగా పోయండి. ఒక్కసారే కుమ్మరించవద్దు. రసం మాత్రం వాడే ముందే పిండాలి, ముందుగా పిండి ఉంచితే చేదెక్కుతుంది.

అనంతపురం

రైలంటే వాడికి ప్రాణం. పూతకు ఇంట్లో ఉన్న ఫ్రెష్ క్రీము చిలకనా?

జవాబు (కర్నూలు నుంచి)

అందులో కొవ్వు 25 శాతమే ఉంటుంది కాబట్టి ఎంత చిలికినా నిలబడదు. చాక్లెట్ పూతకైతే బాగా పనికొస్తుంది. ఒక వంతు క్రీముకు రెండు వంతుల డార్క్ చాక్లెట్. చలికాలమైతే సమానంగా తీసుకున్నా సరిపోతుంది, ఈ వేడికి చాక్లెట్ ఎక్కువ ఉంటేనే గడ్డకడుతుంది. క్రీము అంచుల్లో బుడగలు రాగానే దించి, తరిగిన చాక్లెట్ మీద పోసి మూత పెట్టండి. రెండు నిమిషాలాగి మధ్యలోంచి కలపండి. మరిగించారో, నూనె తేలుతుంది. నాలుగున్నరకు పూసి ఫ్రిజ్‌లో పెట్టి, కోసే ముందు తీయండి.

జవాబు (కడప నుంచి)

పచ్చి పిండి మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను. అయితే పదిహేను మందికి ఆ చక్రం చాలదేమో చూడండి. పైభాగం చదును చేసేటప్పుడు వచ్చే కాలిన ముక్కలు పారేయకండి. మారీ బిస్కెట్ల పొడిలో నలిపి వేసి, పిడికిట బిగిస్తే సున్నుండలా నిలిచేంత వరకే కండెన్స్‌డ్ మిల్క్ చెంచాచెంచాగా కలిపి, చిన్న ఉండలు చుట్టండి. కొబ్బరి పొడిలో దొర్లిస్తే సరి. ఎటూ పిల్లలు రెండు ముక్కలు తిని ఉగ్గాని, బజ్జీల మీద పడతారు.

అనంతపురం

అన్నీ రాసుకున్నాను. ఇంతకీ కుంగడానికి కరెంటే కారణమా?

జవాబు (కర్నూలు నుంచి)

సగం కరెంటు, సగం సోడా. పావుకిలో మైదాకు, పెరుగు ఉంది కాబట్టి, అర టీ చెంచా సోడా ఒక్కటే చాలు. పెరుగు లేని కేకుకైతే రెండు టీ చెంచాల బేకింగ్ పౌడర్. రెండూ దండిగా వేస్తే గాలి బుడగలు త్వరగా ఉబ్బి, చుట్టూ పిండి గట్టిపడేలోపే పగిలిపోతాయి. మీ కేకులో సరిగ్గా ఆ సమయానికే వేడి కూడా తగ్గింది.

ఈసారి మధ్యలో కరెంటు పోతే ఓవెన్ తలుపు తీయకండి. కొద్ది నిమిషాలు లోపలి వేడి నిలుస్తుంది. ఇంకా రాకపోతే పొయ్యి మీదికి మార్చాల్సిందే. అందుకని కోత ఉందని తెలిసిన రోజున అడుగు మందంగా ఉన్న పెద్ద గిన్నెలో ఉప్పు పరిచి, చిన్న స్టాండు పెట్టి, మూతవేసి సన్నని మంట మీద ముందే వేడెక్కించి ఉంచుకుంటే మంచిది.

అనంతపురం

చక్రం కోశాను, నున్నగానే వచ్చింది. చక్కెర నీళ్లు పట్టిస్తున్నాను. పూత మిగిలితే ఎన్నాళ్లు ఉంటుంది?

జవాబు (గుంతకల్లు నుంచి)

మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు. గట్టిపడితే వేడినీళ్ల గిన్నెలో పెట్టి కలపండి. రేపు వేడి పాలలో ఒక చెంచా కలిపి ఇచ్చినా వాడు తాగేస్తాడు.