డెస్క్‌టాపులో కంపైల్ చేసిన ప్రోగ్రాము బీగిల్‌బోన్ బోర్డుపై నడవడం లేదు

పాలక్యాను_తిరుపతి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. పలమనేరు దగ్గర ఒక పల్లెలోని పాల శీతలీకరణ కేంద్రం కోసం, ట్యాంకులోని పాల ఉష్ణోగ్రతను నిమిషానికొకసారి నమోదు చేసే పరికరాన్ని బీగిల్‌బోన్ బ్లాక్ అనే చిన్న కంప్యూటరు బోర్డుతో తయారు చేస్తున్నాను. పాలు 4 డిగ్రీలకు చేరడానికి ఎంతసేపు పడుతోందో, రాత్రి కరెంటు పోతే మళ్లీ ఎంత వేడెక్కుతున్నాయో కేంద్రం వారికి తెలియాలన్నది ఉద్దేశం. బోర్డులో 32 బిట్ల డెబియన్ 11, ఇంట్లో నా డెస్క్‌టాపులో ఉబుంటు 22.04 ఉన్నాయి, రెండూ లినక్స్ రకాలే. సీ భాషలో రాసిన ప్రోగ్రామును డెస్క్‌టాపులోనే ఆర్మ్ క్రాస్ కంపైలరుతో (బోర్డులోని ఆర్మ్ ప్రాసెసరుకు సరిపడే ప్రోగ్రామును వేరే కంప్యూటరులో తయారు చేసేది) కంపైల్ చేసి బోర్డుకు పంపితే, జీలిబ్‌సీ (లినక్స్‌లో సీ ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల లైబ్రరీ) 2.34 దొరకలేదని చెప్పి ఆగిపోతోంది. ఒక్క ప్రింట్ వాక్యం మాత్రమే ఉంచి చూసినా అదే మాట. బోర్డులోనే కంపైల్ చేస్తే నడుస్తుంది గానీ, లైబ్రరీలన్నీ కలిపి కట్టేసరికి పొద్దుపోతోంది. బోర్డుకు కావలసిన లినక్స్ మొత్తాన్ని మనమే కట్టుకునే యోక్టో అనే సాధనాన్ని నేర్చుకుంటే తప్ప ఈ చిక్కు తీరదని ఒక మిత్రుడు అంటున్నాడు, నిజమేనా?

ఇంకొక సంగతి, కరెంటు పోయి వచ్చాక ఎస్‌డీ కార్డు ఇప్పటికి రెండుసార్లు పాడైంది.

రేణిగుంట_జంక్షన్:

మీ ప్రోగ్రాములో తప్పు లేదు. పాత జీలిబ్‌సీ మీద కట్టిన ప్రోగ్రాము కొత్తదానిపై నడుస్తుంది, కొత్తదాని మీద కట్టినది పాతదానిపై నడుస్తుందన్న హామీ లేదు. డెబియన్ 11లో ఉన్నది 2.31, ఉబుంటు 22.04లో ఉన్నది 2.35. 2021లో వచ్చిన 2.34లో త్రెడ్ల లైబ్రరీని ప్రధాన లైబ్రరీలో కలిపివేయడంతో పాటు, మెయిన్ ఫంక్షనును మొదలుపెట్టే లోపలి ఫంక్షనుకు కూడా కొత్త వెర్షన్ గుర్తు వేశారు. ప్రతి ప్రోగ్రామూ ఆ ఫంక్షను గుండానే మొదలవుతుంది కాబట్టి, ఒక్క ప్రింట్ వాక్యం ఉన్నా మీకు అదే మాట ఎదురైంది.

డెస్క్‌టాపులో డాకర్ అనే సాధనంతో డెబియన్ 11 కంటైనరు (ఉబుంటును కదిలించకుండా డెబియన్ నడిచే విడి అర) ఒకటి తెరిచి, అందులో డెబియన్ వారే ఇచ్చే ఆర్మ్ హార్డ్ ఫ్లోట్ (మీ బోర్డు డెబియన్ వాడే ఆర్మ్ రకం, పొట్టిగా ఆర్మ్‌హెచ్‌ఎఫ్) క్రాస్ కంపైలరును పెట్టుకోండి. దానితో వచ్చే జీలిబ్‌సీ కూడా 2.31 కాబట్టి తగువు ఉండదు. మిగతా లైబ్రరీల కోసం అదే కంటైనరులో ఆర్మ్‌హెచ్‌ఎఫ్‌ను రెండో ఆర్కిటెక్చరుగా చేర్చుకుంటే, వాటి డెవలప్‌మెంట్ ప్యాకేజీలు కూడా నేరుగా దొరుకుతాయి, మీరు కట్టుకోనక్కరలేదు. ఒక్క బోర్డు కోసం యోక్టో అంటే పిచ్చుకపై బ్రహ్మాస్త్రమే.

నల్లపలక:

కంటైనరు మాట సరైనదే. అయితే ఇదే పరికరాన్ని రేపు పది కేంద్రాలలో పెట్టే ఆలోచన ఉంటే, యోక్టో లాంటిదే అయిన బిల్డ్‌రూట్ అనే సాధనాన్ని చూడమంటాను. కంపైలరు, కెర్నెలు, రూట్ ఫైల్ సిస్టమ్ అన్నీ ఒకే చోట తయారవుతాయి కాబట్టి వెర్షన్ల తగాదాయే పుట్టదు, యోక్టో కంటే నేర్చుకోవడమూ తేలిక.

కార్డు విషయంలో అసలు కారణం వేరు. మీరు రాసేది నాలుగు అక్షరాలే అయినా, కార్డులోని కంట్రోలరు లోపల పెద్ద బ్లాకును చెరిపి తిరిగి రాస్తుంది. ఆ మధ్యలో కరెంటు పోతే మీరు ముట్టుకోని ఫైళ్లు కూడా దెబ్బతినవచ్చు, మార్పులను ముందే జర్నల్‌లో రాసుకునే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ కూడా దీనిని పూర్తిగా కాపాడలేదు. అందువల్ల రూట్‌ను (సిస్టమ్ ఫైళ్లుండే భాగం) చదవడానికి మాత్రమే మౌంట్ చేసి, దానిపై ఓవర్‌లే ఎఫ్‌ఎస్ అనే పై పొరతో తాత్కాలిక మార్పులను ర్యామ్‌లో ఉంచి, ఉష్ణోగ్రతల కోసం వేరే పార్టిషన్ ఇవ్వండి. నిమిషానికొకసారి రాయకుండా పదేసి రీడింగులను కూడబెట్టి, ఎఫ్‌సింక్‌తో (డేటాను వెంటనే కార్డుకు చేర్చమనే ఆజ్ఞ) ఒక్కసారే రాయండి. కరెంటు పోతే పది నిమిషాల లెక్క పోతుందేమో గానీ బోర్డు మాత్రం మళ్లీ లేస్తుంది. పైగా రివిజన్ సీ బోర్డులో 4 జీబీల ఈఎమ్‌ఎమ్‌సీ (బోర్డుకే అతికించిన ఫ్లాష్ నిల్వ) ఉంది, బూట్‌ను అక్కడికి మార్చి, కార్డును లెక్కలకే వాడుకోవచ్చు.

పాలక్యాను_తిరుపతి:

ఇద్దరికీ కృతజ్ఞతలు. కంటైనరులో కట్టిన ప్రోగ్రాము మొదటిసారే నడిచింది. ఓవర్‌లే పని ఈ ఆదివారం చేస్తాను. ఇప్పుడు కొత్త వింత: డీఎస్18బీ20 ఉష్ణోగ్రత సెన్సరు రోజుకు ఐదారుసార్లు 85 డిగ్రీలని చెబుతోంది. పాలు కాగడం లేదని నాకు తెలుసు.

రేణిగుంట_జంక్షన్:

85 అన్నది ఆ సెన్సరుకు కరెంటు అందగానే దాని రిజిస్టరులో ఉండే తొలి విలువ. 12 బిట్ల కొలత పూర్తి కావడానికి 750 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. ఆ లోపల సెన్సరుకు సరఫరా ఒక్క క్షణం పడిపోయి తిరిగి వచ్చినా మీకు అందేది 85 మాత్రమే. రెండు తీగలతోనే (కరెంటు కూడా డేటా తీగ నుంచే తీసుకునేలా) నడుపుతున్నట్లయితే మూడో తీగ వేసి 3.3 వోల్టులు నేరుగా ఇవ్వండి, డేటా తీగకు 4.7 కిలో ఓముల పుల్-అప్ (డేటా తీగను 3.3 వోల్టులకు కలిపే రెసిస్టరు) ఉందో లేదో చూడండి. ప్రోగ్రాములో మాత్రం, ఒక్క నిమిషంలో 4 నుంచి 85కు ఎగిరిన విలువను వదిలేసి వెంటనే మళ్లీ అడగండి, సరాసరిలో కలపవద్దు. కంప్రెసరు మోటారు ఆన్ అయినప్పుడు సరఫరా పడిపోతూ ఉండవచ్చు, అందుకే ఆ సమయాన్ని కూడా లాగ్‌లో పక్కనే రాసి ఉంచితే, 85 వచ్చిన క్షణాలు దానితో కలుస్తున్నాయో లేదో రెండు రోజుల్లో మీకే తెలిసిపోతుంది.