గేటుకి వేలిముద్ర రిమోట్లు: వాడినవాళ్ళు కాస్త చెప్పండి

చెరువుగట్టు (భీమవరం):
నమస్కారమండి. మాది రొయ్యల మేత గోడౌను. బస్తాలు మాయమవుతున్నాయని స్లైడింగ్ గేటుకి మోటారు పెట్టించి, పక్క స్తంభానికి వేలిముద్ర మెషీను బిగించాం. లోడు లారీ వచ్చిన ప్రతిసారీ డ్రైవరు కేబిన్ దిగాలి, వేలు పెట్టాలి, మళ్ళీ ఎక్కాలి. వానలో ఆ గాజు మీద నీళ్ళు నిలిచాయంటే ఎంత నొక్కినా ఎర్ర లైటే. జేబులో పెట్టుకునే వేలిముద్ర రిమోట్లు ఉన్నాయంటున్నారు, ఎవరిది వాళ్ళ వేలికే పనిచేస్తుందట. కొనొచ్చా?

గేటుపని (అమలాపురం):
నేను గేటు మోటార్లు బిగిస్తానండి. ఈ రకంలో వేలిముద్ర సరిచూడటమంతా మామూలుగా రిమోట్ లోపలే జరిగిపోతుంది. వేలి గీతలు ఎక్కడ చీలాయి, ఎక్కడ ఆగాయి అనే గుర్తులు అందులోనే ఉంటాయి. అవి కుదిరితేనే రేడియో సిగ్నల్ బయటికెళ్తుంది. గేటు దగ్గరున్న రిసీవర్‌కి తెలిసేది ఆ రిమోట్ నంబరే.

అసలు అడగాల్సింది ఆ సిగ్నల్ సంగతి. పాత రిమోట్ల మాదిరి ప్రతిసారీ ఒకే కోడ్ పంపే రకమైతే, రోడ్డవతల ఎవడో దాన్ని రికార్డు చేసుకుని రాత్రికి మళ్ళీ వదిలితే చాలు, గేటు తెరుచుకుంటుంది. మీ వేలితో పనే లేదు. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారే రోలింగ్ కోడ్ రకమే తీసుకోండి. ఇప్పటికే కార్డు చూపిస్తే గేటు తెరిచే కంట్రోలర్ ఉంటే, రిసీవర్‌ని వీగాండ్ వైర్లతో (కార్డు రీడర్ నుంచి కంట్రోలర్‌కి నంబరు మోసే వైర్లు) దానికే కలపొచ్చు. ఆ వైర్ల మీద నంబరు బాహాటంగానే పోతుంది కాబట్టి రిసీవర్ డబ్బా గేటు లోపలివైపే, చేతికందని చోట ఉండాలి.

ఐసుబుట్ట (నరసాపురం):
రిమోట్ మంచిదైనా వేలు సహకరించాలి కదండీ. మా షెడ్డులో రొయ్యలు వలిచేవాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది. పొద్దుటి నుంచీ ఐసునీళ్ళలో నాని తెల్లగా ముడతలు పడతాయి, బొటనవేలి కొసన గీతలు అరిగి నున్నగా అయిపోతాయి. రేషన్ షాపు మెషీను దగ్గర కూడా వీళ్ళదే అవస్థ. చెరువుకి సున్నం చల్లేవాళ్ళదీ అంతే. అందుకని ఒక్కొక్కరివి రెండు మూడు వేళ్ళు ఎక్కించండి, అందులో ఎడమచేతి ఉంగరపు వేలు ఒకటి ఉండాలి. దానికి పని తక్కువ, అరుగుడూ తక్కువే. ఎక్కించేటప్పుడు చెయ్యి కడిగి, బాగా తుడిచి, ఆరాక పెట్టమనండి.

ఫ్లాటు నంబరు లేదు (తణుకు):
ఇంత హడావిడి ఎందుకండీ, మా అపార్ట్‌మెంట్‌లో కారు అద్దానికి ఫాస్టాగ్‌లాంటి స్టిక్కరు అంటించాం. బండి రాగానే బూమ్, అంటే దారికి అడ్డంగా ఉండే గడ, లేస్తుంది. ఆగే పనే లేదు.

గేటుపని (అమలాపురం):
అపార్ట్‌మెంట్‌కి అది చాలండి. కానీ స్టిక్కరు గుర్తుపట్టేది బండిని, మనిషిని కాదు. తాళంతో సహా బండి ఎత్తుకెళ్ళినవాడికి కూడా బూమ్ లేస్తుంది. గోడౌనుకి అది చాలదు.

ముదురు టెంక (రావులపాలెం):
ఒక మాట అంటాను, కోప్పడకండి. మేత బస్తాలు గోడ దూకి పోవు. దర్జాగా లారీ ఎక్కి, గేటు గుండానే పోతాయి. ఎవరి రిమోట్‌తో ఎన్నింటికి తెరిచారో లాగ్‌లో వస్తుంది గానీ, లోపల ఎన్ని బస్తాలున్నాయో రాదు కదా! కాటా చీటీలో టైమూ, గేటు లాగ్‌లో టైమూ పక్కపక్కన పెట్టి చూడండి. ముందు లారీ వెనకే ఇంకో బండి దూరిపోకుండా కెమెరా కూడా పెట్టండి.

చెరువుగట్టు (భీమవరం):
ముదురు టెంక గారూ, ఆ అనుమానం నాకూ ఉందండి, ఇక్కడ రాయలేదంతే. పనివాళ్ళు వేలిముద్రలంటే జంకుతున్నారు, ఏం చెప్పమంటారు? కరెంటు పోతే ఎలా?

గేటుపని (అమలాపురం):
ముద్ర రిమోట్‌లోనే ఉంటుంది, ఆఫీసు కంప్యూటర్‌కి రాదని డీలరు చేత కాగితం మీద రాయించుకుని వాళ్ళకి చూపించండి. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం కదా, వాళ్ళ జంకులో న్యాయముంది. మనిషి పని మానేసిన రోజే ఆ నంబరు రిసీవర్ నుంచి తీసెయ్యండి, రిమోట్ తిరిగిచ్చినా ఇవ్వకపోయినా.

కరెంటుకి బ్యాటరీ బ్యాకప్ ఉన్న డీసీ మోటారు మేలు. తుఫానుకి రోజుల తరబడి పోతే అదీ ఆగుతుంది, అప్పుడు మోటారుని విడదీసే తాళంచెవే దిక్కు. అది ఎవరి దగ్గరుండాలో ఇప్పుడే తేల్చుకోండి. బయట పెట్టే డబ్బాలు ఐపీ 65కి (దుమ్ము చొరబడదు, నీటి ధార కొట్టినా తట్టుకుంటుంది అని చెప్పే రేటింగు) తగ్గకూడదు. ఐపీ 65 ఉన్నా మన ఉప్పుగాలికి స్క్రూలు తుప్పు పడతాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి.

ఐసుబుట్ట (నరసాపురం):
రిమోట్‌కి చార్జింగు కూడా అడగండి. మా డ్రైవర్లు ఫోన్‌కే పెట్టడం మర్చిపోతారు.

చెరువుగట్టు (భీమవరం):
సరేనండి. డీలరుని రెండు రిమోట్లు శాంపిల్ తెమ్మంటాను. ముందు సున్నం చల్లేవాళ్ళ చేతికిచ్చి, ఎలా ఉందో ఇక్కడే రాస్తాను.