‘పలికెడిది భాగవతమట’: ఐదు పలుకులకు ఇంగ్లీషులో ఏ క్రియ?

డాలస్ అమ్మ:
అందరికీ నమస్కారం. ఒక పద్యం రెండు రోజులుగా నన్ను వదలడం లేదు. మా పాప ఏడో తరగతి. ఇంట్లో మాట్లాడే భాషలో ఒక పద్యం తెచ్చి, దాని అర్థం ఇంగ్లీషులో రాసి క్లాసులో చదవాలట. మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పోతన పద్యం ఇచ్చాను.

పలికెడిది భాగవతమట
పలికించెడి విభుండు రామభద్రుండట నే
పలికిన భవహరమగునట
పలికెద వేరొండు గాథ పలుకగ నేలా

రెండో పాదం మీద కొంచెం అనుమానం ఉంది. అసలు చిక్కు అది కాదు. ‘పలుకు’ వచ్చిన చోటల్లా ‘సే’ అని రాసిచ్చాను. పాప చదివి, “అమ్మా, నాలుగు లైన్లలో ఐదుసార్లు అదే మాటా? టీచర్ ఒప్పుకోదు” అంది. ‘సే’కి బదులు వాడాల్సిన మాటల పట్టిక ఒకటి స్కూల్లోనే ఇచ్చారు: స్పీక్, టెల్, అటర్, రిసైట్, డిక్లేర్, మర్మర్. వీటిలో పోతనకు ఏది నప్పుతుంది? శుక్రవారం లోపు ఇవ్వాలి.

తెనాలి మాస్టారు:
అమ్మా, ముందు రెండో పాదం. ‘విభుండు’ అంటే కందం కుంటుతుంది. పలికిం, చెడివిభుం అని విడదీస్తే రెండో గణంలోనే ఐదు మాత్రలు, కందంలో గణానికి నాలుగే ఉండాలి. ‘విభుఁడు’ అని అరసున్నతో అనాలి. పాపకు నిండుసున్నతో నేర్పకండి.

జనగామ నుంచి:
మాస్టారూ, అసలు విభుడు ఎక్కడి నుంచి వచ్చాడు? మేం చదువుకున్నది ‘పలికించెడివాఁడు రామభద్రుండట’. మా ఊరి నుంచి బమ్మెర పెద్ద దూరం కాదు. ఈ పద్యం చిన్నప్పటి నుంచి వింటూనే పెరిగాం.

తెనాలి మాస్టారు:
వాఁడు అన్నా గణాలు సరిపోతాయి, కాదనను. చెడివాఁ అంటే నాలుగు మాత్రలు, చెడివిభుఁ అన్నా నాలుగే. మొదటి పాదంతో కలిపి లెక్కిస్తే ఆరో గణం రెండు పాఠాల్లోనూ ‘డురామ’, కందం అక్కడ ఒప్పుకునే జగణమే. యతి, ప్రాసలు కూడా ఎటూ తేల్చవు. కానీ రాముణ్ణి ‘వాడు’ అంటాడా పోతన?

జనగామ నుంచి:
ఎందుకనడు? గజేంద్రుడి చేత ‘కలఁడు కలండనెడివాఁడు కలఁడో లేఁడో’ అనిపించింది ఎవరు? దేవుణ్ణి వాడు అనుకునేంత దగ్గరితనం మన భాషలో ఉంది. ‘విభుఁడు’ దగ్గర ఆ దగ్గరితనం పోతుంది.

అనువాదం చేసే అక్క:
వాడు, విభుడు పంచాయితీ తర్వాత చూసుకుందాం. పాప ప్రశ్న చాలా మంచిది. నేను ఇంగ్లీషులోకి అనువాదాలు చేస్తాను, ఈ నాలుగు క్రియలతో రోజూ పేచీయే. ‘సే’ తర్వాత అన్న మాటలు రావాలి. ‘టెల్’ తర్వాత వినేవాడు రావాలి, లేకపోతే కథో, నిజమో, అబద్ధమో రావాలి. ‘స్పీక్’కు ఇవేవీ లేకపోయినా ఫరవాలేదు, నోరు విప్పితే చాలు. ‘అటర్’ అంటే ఆ ఒక్క ధ్వని నోరు దాటి బయటపడటం. మన ‘చెప్పు’ ఈ పనులన్నీ చేసేస్తుంది కాబట్టి మనకు తేడా పట్టదు.

ఇప్పుడు పద్యం చూడండి, మూడు పాదాల్లో మూడు ‘అట’లున్నాయి. అవి తీసేస్తే పద్యం గొప్ప చెప్పుకోవడంలా మారిపోతుంది. ‘అట’ని ఇంగ్లీషులో పెట్టాలంటే ‘దే సే’ తప్ప సులువైన దారి లేదు. అంటే ‘సే’ అక్కడ ఖర్చయిపోయింది. లోకం అనేదానికి, పోతన పలికేదానికి ఒకే క్రియ వాడితే ఎలా? కనుక పలుకు అంటే ‘స్పీక్’. పాప చేత ‘సే’ కొట్టేయించండి, పట్టికలో ఉందని మాత్రం కాదు.

డాలస్ అమ్మ:
అక్కా, ‘అట’ సంగతి నాకు తట్టనే లేదు! నా ఇంగ్లీషులో వాటిని మొత్తం వదిలేశాను. చాలా థాంక్స్.

జనగామ నుంచి:
అక్క మాటకు సాక్ష్యం గజేంద్రమోక్షంలోనే ఉంది. ‘కలఁడందురు దీనుల యెడ’. అక్కడ లోకులు అంటారు, పలకరు. పోతన తూచి వాడాడు.

విశాఖ నుంచి ఒక లెక్చరర్:
నాది ఒక అభ్యంతరం. ‘స్పీక్’ పక్కన పుస్తకం పేరు కర్మగా నిలబడదు. భాష మాట్లాడతాం, నిజం మాట్లాడతాం, నాటకంలో డైలాగు పలుకుతాం. ‘స్పీక్ ది భాగవతం’ అంటే ఇంగ్లీషు చెవికి మోటుగా ఉంటుంది. కావ్యానికి ‘టెల్’ ఉంది, ‘సింగ్’ ఉంది. హోమర్‌ను చూడండి. ఇలియడ్ మొదట్లో దేవతను పాడమంటాడు, ఒడిస్సీ మొదట్లో చెప్పమంటాడు. ఒకే కవి పేరు మీద రెండు కావ్యాలు, రెండు క్రియలు.

అనువాదం చేసే అక్క:
సార్, మోటుగా ఉండటమే నాకు కావాలి. తెలుగులో మాత్రం కావ్యాన్ని ‘పలకడం’ మామూలా? మనకు కవిత్వం చెప్పడం ఉంది, రాయడం ఉంది, అల్లడం ఉంది. అవన్నీ వదిలి పోతన ‘పలుకు’ పట్టుకున్నాడు.

తెనాలి మాస్టారు:
ప్రాస కోసం అనుకోవచ్చు కదా. రెండో అక్షరం ‘ల’ నిలపాలి.

జనగామ నుంచి:
మాస్టారూ, ఆ ‘ల’ కోసమైతే తెలియు ఉంది, తలచు ఉంది, కలుగు ఉంది. నాలుగు పాదాలకూ ‘పలి’ అక్కర్లేదు. పైగా ఐదో పలుకు పాదం మధ్యలో, యతిస్థానంలో ఉంది. ఆ పక్కనే ‘భాగవతము తెలిసి పలుకుట చిత్రంబు’ అన్నాడు. మళ్ళీ పలుకే. అక్కడ కందం కాదు, ప్రాస బాధ కూడా లేదు.

విజయవాడ నుంచి, వీణ నేర్పుతాను:
ఇన్నాళ్ళూ చదువుతూ ఊరుకున్నాను, ఇవాళ రాయకుండా ఉండలేను. పలికించడం మా మాట. వీణ మాట్లాడదు, పలుకుతుంది. కొత్తగా వచ్చిన పిల్ల తీగ మీటితే టంగుమంటుంది. మెట్టు మీద వేలు ఎక్కడ ఆనించాలో, ఎంత లాగాలో తెలిశాక అదే తీగ గమకం పలుకుతుంది. ఆ రోజు “ఇవాళ పలికించావమ్మా” అంటాం. పోతన తనను తీగ అనుకున్నాడు. రాముడిది వేలు. అందుకని రెండో పాదంలో ‘స్పీక్’ చాలదు, వాద్యాన్ని ‘ప్లే’ చేయడం అనే అర్థం రావాలి. ఇంగ్లీషులో ‘సౌండ్’ కూడా క్రియే కదా?

విశాఖ లెక్చరర్:
క్రియే. కానీ అది శంఖానికి, గంటకు, అలారానికి. వీణకు ‘ప్లే’యే. మనిషిని ‘ప్లే’ చేశాడంటే మాత్రం మోసం చేశాడనే అర్థం కూడా వస్తుంది, జాగ్రత్త.

గుంటూరు పెద్దాయన:
వీణ కాదు తల్లీ, చిలక. చిలకకు మాట నేర్పితే పలుకుతుంది, చిలకపలుకులు అని ఊరికే అనలేదు. భాగవతం పరీక్షిత్తుకు చెప్పింది ఎవరు? శుకుడు. శుకం అంటే చిలకే. పోతన తనను శుకుడి వరసలో చిన్న చిలకగా పెట్టుకున్నాడు. నా ఓటు ‘రిసైట్’కు. నేర్పింది నేర్పినట్టు అప్పజెప్పడం.

వీణ నేర్పేవారు:
బాబాయ్ గారూ, అప్పజెప్పేవాడికి ‘అట’ ఎందుకు? నేర్చుకున్నది ఏమిటో చిలకకు నమ్మకమే. ఈయనకు తన నోట వస్తున్నది ఏమిటో ఇంకొకరు చెబితే గాని తెలియదు.

నిజామాబాద్ నుంచి:
ఇంకో దారి కూడా ఉంది. పిలిస్తే పలికే దేవుడు అంటాం. అక్కడ పలకడం అంటే బదులివ్వడం. హాజరు పట్టీలో పేరు పిలిస్తే పలకమంటారు, అదీ అంతే. రాముడు పిలిచాడు, పోతన పలికాడు. ‘ఆన్సర్’ అని ఎందుకు పెట్టకూడదు? అసలు పిల్లలు రాసే ‘పలక’ కూడా పలుకు నుంచే వచ్చిందని నా నమ్మకం.

తెనాలి మాస్టారు:
పలక ఫలకం నుంచి వచ్చింది నాయనా. పలుకుకు చుట్టాలు కావాలంటే వక్కపలుకు ఉంది, జీడిపప్పు పలుకు ఉంది. అన్నం ఉడకకపోతే ‘ఇంకా పలుకుగా ఉంది’ అంటాం. మెతుకును వేళ్ళ మధ్య నలిపితే నడుమ గట్టిగా తగులుతుందే, అది. వేరు ఒకటేనని నేననను. మంచి మాట కూడా పంటికి అలాగే తగులుతుందని మాత్రం నాకు అనిపిస్తుంది.

అనువాదం చేసే అక్క:
‘ఆన్సర్’ నాకు నచ్చింది, కానీ ఒక్క చోటుకే. ఐదు చోట్లా పెడితే గాథ దగ్గర తేలిపోతుంది. ఐదు చోట్లా ఒకే క్రియ ఉండి తీరాలని నా పట్టు. మార్చి మార్చి రాస్తే బాగుంటుందని స్కూల్లో నేర్పుతారు. ఇక్కడ పద్యం నడిచేదే ఆ మాట తిరిగి తిరిగి రావడం మీద.

డాలస్ అమ్మ:
రేపే ఇవ్వాలి. పాప ఇలా రాసింది: నాలుగు చోట్ల ‘స్పీక్’, మూడు ‘దే సే’లు. పలికించెడి దగ్గర ‘స్పీక్స్ త్రూ మీ’ అని పెట్టింది. వీణ టీచర్ గారి మాట చదివి వినిపించాను, తనూ రెండేళ్ళు వయొలిన్ నేర్చుకుంది. ఇలా సరిపోతుందా?

వీణ నేర్పేవారు:
‘త్రూ’ బాగుంది. తీగలోంచి అన్నట్టు ఉంది.

విశాఖ లెక్చరర్:
‘త్రూ’ పెడితే పలికేది రాముడవుతాడు. పలికించెడి అంటే పలికేది పోతనే, చేయించేది రాముడు. ప్రేరణార్థకం పోయింది.

అనువాదం చేసే అక్క:
ప్రేరణార్థకానికి ‘మేక్స్ మీ స్పీక్’ అంటే బలవంతం చేసినట్టుంటుంది సార్, ‘గెట్స్ మీ టు స్పీక్’ అంటే బతిమాలినట్టుంటుంది, ‘లెట్స్ మీ స్పీక్’ అంటే అనుమతి ఇచ్చినట్టు. పలికించులోని ‘ఇంచు’లో ఈ మూడూ లేవు. పాప రాసిందే ఉంచండి.

తెనాలి మాస్టారు:
అమ్మా, తెలుగు కూడా చదివి వినిపిస్తుందా? అలా అయితే రెండో పాదం ఏ పాఠం ఖాయం చేశారు? మీ అమ్మమ్మగారు ఏ ప్రతి చూసి నేర్చుకున్నారో చెబితే విభుఁడు ఎక్కడి నుంచి వచ్చాడో వెతుకుతాను.

డాలస్ అమ్మ:
అమ్మమ్మకు చదువు రాదు మాస్టారూ. హరికథలో విని నేర్చుకుంది. ‘విభుండూ’ అని బాగా సాగదీసి పాడేది. పాపకు అదే వచ్చు.

జనగామ నుంచి:
సాగదీస్తే ఆ ఒక్క గణమే కాదు, తర్వాతి గణంలోనూ ఐదు మాత్రలు.